పాత ఇండికా డీజిల్‌లో హీటర్ ప్లగ్గులు: నాలుగు చలికాలాల వాడకం తర్వాత

అనంతపురంలో చలి అంటే డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ. ఆ మాత్రానికి డీజిల్ గడ్డకట్టదు, కాబట్టి చలికి ట్యాంకులో కలపమని అమ్మే సీసాలు ఈడ దండగ. అయినా పొద్దున ఐదింటికి పాత ఇండికా మొరాయిస్తుంది. ఇంజన్ తీరే అంత: 1405 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్. డీజిల్ ముందు హెడ్‌లోని, అంటే సిలిండర్ల పైమూతలోని, చిన్న గదిలో పడుతుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడిని అవే లాగేసుకుంటాయి. ఆ గదిని కరెంటుతో వేడిచేసే హీటర్ ప్లగ్గు ఎర్రగా కాలితే తప్ప డీజిల్ తేలిగ్గా అంటుకోదు.

వాడినవి రెండు సెట్లు. సగం ధరకు దొరికే పేరులేని సెట్టులో రెండో చలికాలానికే రెండు ప్లగ్గులు పోయాయి, ఒకదాని కొన ఉబ్బింది. ఉబ్బిన ప్లగ్గు మర విప్పినా బయటికి రాదు. కొన విరిగి లోపల పడితే హెడ్ దించాల్సిందే, మిగిల్చిన డబ్బుకి పదింతలు పోతుంది. కంపెనీ సెట్టు నాలుగు చలికాలాలూ నిలిచింది. ఒక మాట: ప్లగ్గులకు కాసేపు కరెంటు ఇచ్చి ఆపే టైమర్ రిలే అతుక్కుపోయి కరెంటు ఆగకుండా పోతుంటే మంచి ప్లగ్గూ కాలిపోతుంది. రిలే చూడకుండా సెట్టు మార్చొద్దు.

ఒక్క ప్లగ్గు పోతే బండి స్టార్ట్ అవుతుంది గానీ, నిమిషం పాటు వణికి తెల్లపొగ వదులుతుంది. ఆ పొగ కాలని డీజిలే. పరీక్ష సులువు. ప్లగ్గుల మీది పట్టీ విప్పి, మల్టీమీటరు ఒక కొన ప్లగ్గు తలకి, రెండోది ఇంజన్ బాడీకి పెట్టాలి. ఒక ఓమ్ దగ్గర చూపితే బాగున్నట్టు, ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. విప్పేది ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే, ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి.

సెల్ఫ్ గిర్రున తిరిగినా అంటుకోకపోతే ప్లగ్గులు, లేదా డీజిల్ లైనులో గాలి. నీరసంగా తిరిగితే మాత్రం ప్లగ్గుల జోలికి పోవద్దు, అది బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ వైరు. మన దగ్గర బ్యాటరీని చంపేది చలి కాదు, మే నెల ఎండ. నీళ్ళు ఇంకి, లోపలి ప్లేట్లు తుప్పు పడతాయి. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరిగినప్పుడు ఆ దెబ్బ బయటపడుతుంది. రాత్రంతా నిలిపిన బ్యాటరీ 12.6 ఓల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే ఛార్జింగ్ పెట్టించి మళ్ళీ చూడాలి, అప్పుడూ జారితే మార్చడమే.

పొద్దున లైట్లు, ఫ్యాను ఆపి, తాళం ఆన్ చేసి, మీటరులో కాయిల్ గుర్తు ఆరాక క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టాలి. పది సెకన్లు మించొద్దు. అందుకోకపోతే అర నిమిషం ఆగి, ప్లగ్గులు మళ్ళీ కాలనిచ్చి కొట్టాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ప్లగ్గు ఎర్రగా ఉండగా ఆ ఈథర్ వేళకు ముందే పేలి పిస్టన్నో, కనెక్టింగ్ రాడ్డో పోతుంది.