ఆసుల జత వస్తే పెంచడమా, దాచడమా?

పోకర్‌లో మొదటి రెండు ముక్కలూ ఆసులే కావడం సగటున 221 పంపకాలకు ఒకసారి. అంత అరుదుగా వచ్చిన జతను చూడగానే చాలామందికి దాచుకోవాలనే బుద్ధి పుడుతుంది. పందెం పెంచితే అందరూ ముక్కలు పడేస్తారని భయపడి, కనీస పందెం కట్టి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. నా ఓటు మాత్రం పెంచడానికే.

విజయనగరంలో సిరిమానోత్సవానికి బంధువులు చేరితే మా ఇంట్లో చిన్న టోర్నమెంటు నడుస్తుంది. తలా వంద చింతపిక్కలు. అవి అయిపోయినవాళ్లు లేచి వంటింట్లో సాయానికి వెళ్లాల్సిందే. (డబ్బు ఊసు లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడదామన్నా రాష్ట్రం 2020లోనే నిషేధించింది.) నిరుడు మామయ్యకు ఇస్పేటు ఆసు, డైమను ఆసు వచ్చాయి. ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన తప్పనిసరి పందేలు ఒకటి, రెండు పిక్కలు. ఆయన పెంచకుండా రెండే కట్టారు. చవకే కదా అని ఆరుగురమూ ఆటలో ఉండిపోయాం. అందరూ వాడుకునే ఉమ్మడి ముక్కలుగా నడుమ 9, 8, 7 పడ్డాయి. రెండు పిక్కల వంతు బావది. ఆయన చేతిలో పది, ఆరు. పైసా అదనంగా పెట్టకుండానే ఆరు నుంచి పది దాకా వరస కుదిరిపోయింది, అది జతను మించింది. మామయ్య పిక్కలన్నీ బావ ముందుకు చేరాయి.

ఆరు పిక్కలకు పెంచి ఉంటే పది, ఆరు పట్టుకుని బావ వచ్చేవారు కారు. ఎదుటివాళ్లవి ఏ ముక్కలైనా సరే, ఒక్కరే ఉంటే ఆసుల జత నూటికి దాదాపు 85 సార్లు గెలుస్తుంది. ఇద్దరైతే 73, ఐదుగురైతే 49. పిలిచి పీట వేసినకొద్దీ మన బలం కరుగుతుంది. మా టోర్నమెంటులో పోయిన పిక్కలకు బదులు కొత్తవి కొనుక్కునే వీలు కూడా ఉండదు.

అందరూ పడేస్తే మూడు పిక్కలే వస్తాయన్నది మామయ్య వాదన. నిజమే, ప్రాణం ఉసూరుమంటుంది. అందుకు మందు ఒకటుంది: ఆసులు వచ్చినా, తొమ్మిదుల జత వచ్చినా ఎప్పుడూ ఆరుకే పెంచాలి. అప్పుడు ఆ ఆరు వెనక ఏముందో ఎవరికీ అంతుపట్టదు, పెంచుతూనే దాచినట్టవుతుంది. ఆసులకు పది, మిగతావాటికి ఐదు అని పెంచేవారి గుట్టు రెండో గంటకే బయటపడుతుంది.

దాచడం పనికొచ్చే సందర్భమూ లేకపోలేదు. ఆఖరికి ఇద్దరో ముగ్గురో మిగిలి, మన తర్వాత ఆడే మనిషి పిక్కలు తగ్గిపోయి ప్రతిసారీ ఉన్నదంతా ముందుకు తోసేస్తుంటే, కనీస పందెం కట్టి ఊరుకోవచ్చు. పని ఆయనే చేసిపెడతాడు.

రాజుల జతకు ఈ వెసులుబాటు కూడా ఇవ్వను. నడుమ పడే మొదటి మూడు ముక్కల్లో ఆసు కనిపించే అవకాశం నూటికి 23 దాకా ఉంటుంది. ఒంటి ఆసు పట్టుకున్నవాళ్లను చవకగా రానిచ్చి, తర్వాత ఆ ఆసు పడిందని తల పట్టుకోవడం దేనికి?