మెయిల్‌లో వచ్చే వైరస్‌లకు విండోస్ డిఫెండర్ సరిపోతుందా? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఇంటి కంప్యూటర్‌కు డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ చాలా? చాలు. కాకపోతే పెట్టె విప్పినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేస్తే చాలదు. మెయిల్ అటాచ్‌మెంట్ల విషయంలో స్కానర్ కన్నా దాని చుట్టూ ఉన్న సెట్టింగులే ఎక్కువ పని చేస్తాయి. వాటిలో కొన్ని ఆఫ్‌లో వస్తాయి, మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. విండోస్ 10, 11 రెండింటిలోనూ, బ్రౌజర్‌లో జీమెయిల్, పక్కనే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకుని చాలాకాలం వాడాక కుదిరిన అభిప్రాయమిది.

ముందు స్కానర్ సంగతి. డిఫెండర్ మెయిల్‌ను మెయిల్‌గా చూడదు. అటాచ్‌మెంట్ డిస్కు మీద ఫైలుగా పడిన క్షణంలో చూస్తుంది. దీన్ని ప్రమాదం లేకుండా పరీక్షించాలంటే ఈకార్ టెస్ట్ ఫైల్ ఉంది. 68 అక్షరాల మామూలు టెక్స్ట్ అది, దానివల్ల ఏ హానీ లేదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే గుర్తిస్తాయి. దాన్ని సేవ్ చేయగానే నోటిఫికేషన్ వస్తుంది, ఫైలు క్వారంటైన్‌కు, అంటే నడవకుండా విడిగా బంధించే చోటికి, పోతుంది. అదే ఫైలును పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వేస్తే డిఫెండర్ కిమ్మనదు. విప్పిన తర్వాతే పట్టుకుంటుంది. పాస్‌వర్డ్ తెలియకుండా తాళం వేసిన జిప్ లోపలికి ఏ స్కానరూ చూడలేదు, మెయిల్ సర్వర్‌లో ఉన్నదైనా సరే. దొంగ మెయిళ్లలో జిప్ పాస్‌వర్డ్‌ను మెయిల్‌లోనే రాసి పంపడానికి కారణం ఇదే. రహస్యం కాపాడాలనుకునేవాడు తాళాన్నీ తాళంచెవినీ ఒకే కవరులో పెట్టి పంపడు కదా.

ఇక్కడ పనికొచ్చే కిటుకు ఒకటుంది. మామూలు జిప్‌లో పాస్‌వర్డ్ ఫైలు లోపలి సరుకునే దాస్తుంది, పేరును దాచదు. పాస్‌వర్డ్ ఇవ్వకుండానే జిప్ తెరిచి పేర్లు చదవచ్చు. ఇన్‌వాయిస్ అని చెప్పిన జిప్‌లో ఫైలు పేరు చివర జేఎస్, వీబీఎస్, ఎల్‌ఎన్‌కే, హెచ్‌టీఏ లాంటిది (ఇవన్నీ నొక్కగానే ఆదేశాలు నడపగల ఫైళ్లు) కనబడితే ఇక విప్పే పనే లేదు. జిప్ లాంటివే అయిన సెవెన్‌జెడ్, రార్ ఫార్మాట్లలో మాత్రం పేర్లను కూడా దాచే వీలుంది.

అసలు కాపలాదారు ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. దీని పేరు మార్క్ ఆఫ్ ద వెబ్. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే కింద అన్‌బ్లాక్ అనే చెక్‌బాక్స్ కనబడుతుంది, అదే దీని ఆనవాలు. తెలియని ప్రోగ్రామ్ నడపబోతే హెచ్చరించే స్మార్ట్‌స్క్రీన్ నీలం తెర వచ్చేదీ, వర్డ్ ఫైలు చదవడానికి మాత్రమే వీలిచ్చే ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుచుకునేదీ, 2022 నుంచి ఆఫీస్ మ్యాక్రోలను (ఫైలులో దాగి ఉండే చిన్న ప్రోగ్రామ్‌లను) ఎర్ర పట్టీతో ఆపేదీ ఈ గుర్తును చూసే. గుర్తు పోయిందా, ఆ ఫైలును ఇంట్లోనే తయారైనదిగా లెక్కేసి అన్నీ దారి వదులుతాయి.

గుర్తు పోయే దారులు మూడు తెలుసుకుంటే చాలు. మొదటిది పెన్‌డ్రైవ్. ఈ గుర్తు ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉన్న డిస్కు మీదే నిలుస్తుంది. ఫ్యాట్ 32 లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి వెనక్కి తెస్తే రాలిపోతుంది. రెండోది జిప్‌లు విప్పే సెవెన్ జిప్ ప్రోగ్రామ్. 2022లో వచ్చిన 22 వెర్షన్ నుంచి విప్పిన ఫైళ్లకు గుర్తును అందించే సదుపాయం ఉంది కానీ ఆఫ్‌లో వస్తుంది. టూల్స్, ఆప్షన్స్‌లో సెవెన్ జిప్ ట్యాబ్ తెరిచి, ప్రోపగేట్ జోన్ ఐడీ స్ట్రీమ్ అన్నచోట యెస్ ఎంచుకోవాలి. అంతకన్నా పాత వెర్షన్ ఉంటే తీసేసి కొత్తది వేసుకోండి. మూడోది ఐఎస్‌ఓ ఫైలు, అంటే సీడీ, డీవీడీలోని సరుకంతా ఒకే ఫైలుగా చేసినది. డబుల్ క్లిక్ చేస్తే అది ఒక డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. లోపలి ఫైళ్లకు గుర్తు అందని లోపాన్ని 2022 నవంబర్ అప్‌డేట్‌లో సరిచేశారు, అంటే అప్‌డేట్లు ఆపేసిన మెషీన్‌లో ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆఫీస్ 2010 లాంటి పాతవాటికి మ్యాక్రోల ఎర్ర పట్టీ రాదు. పసుపు పట్టీ మీద ఎనేబుల్ కంటెంట్ నొక్కితే మ్యాక్రో నడిచిపోతుంది. అవి వాడేవాళ్లు ట్రస్ట్ సెంటర్‌లో మ్యాక్రోలన్నీ నోటిఫికేషన్ లేకుండా డిసేబుల్ చేసే ఆప్షన్ పెట్టుకోవడం నయం.

ఇక ఫైలు పేర్లు. 2000 మే నెలలో ప్రపంచాన్ని చుట్టేసిన ఐ లవ్ యూ వైరస్ టెక్స్ట్ ఫైలు వేషంలో వచ్చిన వీబీఎస్ స్క్రిప్ట్. ఫైలు రకం చెప్పే పేరు చివరి ముక్కను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, దాచే అలవాటు విండోస్‌కు అప్పుడుంది, ఇప్పటికీ ఉంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేయాలి. అయితే ఇది సగం పనే. షార్ట్‌కట్ ఫైలు ఎక్స్‌టెన్షన్ ఈ టిక్ పెట్టినా కనబడదు. పీడీఎఫ్ ఐకాన్ తగిలించుకున్న ఎల్‌ఎన్‌కే ఫైలు ఎంతసేపు చూసినా పీడీఎఫ్‌లాగే ఉంటుంది, మూలన చిన్న బాణం గుర్తు తప్ప. అందుకే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఎప్పుడూ డీటెయిల్స్ వ్యూలో ఉంచి, టైప్ అనే కాలమ్ చదవాలి. అక్కడ షార్ట్‌కట్ అని ఉంటే షార్ట్‌కటే. అక్షరాలను తిరగేసి పేరు చివర పీడీఎఫ్ అని కనబడేలా చేసే మాయ కూడా ఈ కాలమ్ దగ్గర చెల్లదు.

స్క్రిప్ట్ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌కు కట్టేయడం ఈ మొత్తం ఏర్పాటులో అతి చౌకైన, అతి గట్టి కట్టుదిట్టం. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ తెరిచి, పైన ఉన్న పెట్టెలో చుక్క పెట్టి జేఎస్ అని టైప్ చేసి నోట్‌ప్యాడ్ ఎంచుకోండి. జేఎస్ఈ, వీబీఎస్, వీబీఈ, డబ్ల్యూఎస్ఎఫ్, హెచ్‌టీఏలకూ అంతే. తర్వాత ఎవరు పొరపాటున నొక్కినా అర్థంకాని అక్షరాల పేజీ ఒకటి తెరుచుకుంటుంది, అక్కడితో సరి. వెబ్‌సైట్లలోని జావాస్క్రిప్ట్‌కు దీనితో సంబంధం లేదు, బ్రౌజర్ మామూలుగానే నడుస్తుంది.

థండర్‌బర్డ్ వాడేవాళ్లకు ఒక పేచీ తప్పదు. అది ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నింటినీ డిఫాల్ట్‌గా ఒకే పెద్ద ఎంబాక్స్ ఫైలులో కుక్కుతుంది. ఆ ఫైలులో ఎక్కడో ఒక చెడ్డ అటాచ్‌మెంట్ ఉందని యాంటీవైరస్ మొత్తం ఫైలును క్వారంటైన్ చేసిందనుకోండి, ఇన్‌బాక్స్ అంతా ఒక్కసారిగా మాయం. డిఫెండర్‌లో మెయిల్ ఫైళ్లను విప్పి చూసే స్కాన్ మొదటినుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి ఈ బాధ అరుదు, వేరే యాంటీవైరస్‌లతో ఎక్కువ. మందు ఏమిటంటే, థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, వచ్చే మెయిళ్లను విడివిడిగా క్వారంటైన్ చేయనిచ్చే ఆప్షన్ టిక్ చేయడం. అప్పుడు ప్రతి కొత్త మెయిల్ ముందు ఒక తాత్కాలిక ఫైలుగా పడుతుంది, తనిఖీ అయ్యాక పెద్ద ఫైలులో చేరుతుంది. ఇంకొక సంగతి, మెయిల్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఎంబాక్స్ నుంచి పోదు. ట్రాష్ ఖాళీ చేసి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ నొక్కాలి. తీసేసిన వైరస్ ప్రతి స్కాన్‌లో మళ్లీ కనబడుతోందని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి మిగిలిన పని ఈ కాంపాక్టే.

మెషీన్ నెమ్మదించిందని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌నో ఎక్స్‌క్లూజన్లలో (స్కాన్ చేయవద్దని మినహాయించే జాబితాలో) పెట్టకండి. థండర్‌బర్డ్‌లో అటాచ్‌మెంట్ నేరుగా తెరిస్తే ముందు టెంప్‌లోనే పడుతుంది, దాన్ని పట్టుకునేది అక్కడే. కావాలంటే థండర్‌బర్డ్ ప్రొఫైల్‌లోని మెయిల్, ఇమ్యాప్ మెయిల్ ఫోల్డర్లను మాత్రం మినహాయించవచ్చు.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మీద నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ దగ్గర ఉంటుంది, ఆఫ్‌లో వస్తుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లేవీ రాయలేవు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు ఇది నిజమైన అడ్డు. చిరాకంతా ఎర్రర్లతోనే. పాత ఫొటో ఎడిటర్‌లో సేవ్ నొక్కితే అనుమతి లేదని చెప్పదు, ఫైల్ నాట్ ఫౌండ్ లాంటి పొంతన లేని మాట చెబుతుంది. గేములైతే సేవ్ ఫైలు రాయలేక ఉత్తినే మూసుకుపోతాయి. అలాంటప్పుడు ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే ఏ ప్రోగ్రామ్‌ను ఆపిందో ఉంటుంది, అక్కడినుంచే అనుమతి ఇవ్వవచ్చు. మొదటి కొన్ని వారాలు ఓపిక పడితే ఆ తర్వాత దాని ఉనికే తెలియదు. వేరే యాంటీవైరస్ వేసుకుంటే మాత్రం ఈ సదుపాయం పనిచేయడం ఆగిపోతుంది, ఎందుకంటే డిఫెండర్ రియల్ టైమ్ ప్రొటెక్షన్ నడిస్తేనే ఇదీ నడుస్తుంది. దీన్ని నమ్ముకుని బ్యాకప్ మానేయకూడదు. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచినా లాభం లేదు, రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

డబ్బు కట్టే యాంటీవైరస్‌లు గొప్పగా చెప్పుకునే మెయిల్ షీల్డ్, అంటే మెయిళ్లను దారిలోనే స్కాన్ చేసే ఏర్పాటు, ఇంటి వాడకంలో దండగ. ఇప్పుడు మెయిల్ సర్వర్‌తో సంభాషణంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే నడుస్తుంది. లోపల చూడాలంటే షీల్డ్ మధ్యలో కూర్చుని సర్వర్ గుర్తింపు పత్రానికి బదులు తన సొంత సర్టిఫికెట్ చూపించాలి. దానివల్ల మెయిల్ క్లయింట్‌లో సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తాయి, కొన్నిసార్లు మెయిల్ వెళ్లడమే ఆగిపోతుంది. బ్రౌజర్‌లో మెయిల్ చూసుకునేవాళ్లకు ఆ షీల్డ్ అసలు పనికే రాదు. పైగా అది చేసే పని అప్పటికే సర్వర్‌లో జరిగి ఉంటుంది. జీమెయిల్ ఈఎక్స్ఈ, జేఎస్ లాంటి అటాచ్‌మెంట్లను జిప్‌లో పెట్టినా రానివ్వదు.

డిఫెండర్ చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్ తెరిస్తే మెయిల్ లాగిన్ పేజీలాంటిది వస్తుంది. అందులో చాలావరకు వైరస్ ఏమీ ఉండదు, టైప్ చేసిన పాస్‌వర్డ్ ఎటో పోతుంది. అంతకన్నా మొండిది, మనిషి కాదో అవునో నిరూపించుకోమంటూ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో పేస్ట్ చేయమనే పేజీ. అక్కడ పేస్ట్ అయ్యేది కంప్యూటర్‌తో ఏ పనైనా చేయించగల ఒక పవర్‌షెల్ ఆదేశం. నడిపేది మనమే కాబట్టి, పైన చెప్పిన గుర్తూ ఉండదు, స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరికా రాదు. అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్ వాడితే సిస్టమ్ ఫైళ్లకు రక్షణ దొరుకుతుంది. కానీ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, మనం లాగిన్ అయి ఉన్నామని సైట్లకు చెప్పే కుకీలు ఎత్తుకుపోవడానికి ఆ హక్కులు అక్కర్లేదు.

అనుమానం ఉన్నది తెరిచేశారనుకుందాం. ముందు వైఫై ఆపండి. స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే సుమారు 15 నిమిషాలు వెతుకుతుంది, ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో చూడాలి. ఇది నడుస్తుండగానే వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న డివైజులన్నింటినీ సైన్ అవుట్ చేయండి. కుకీ దొంగిలించినవాడికి పాస్‌వర్డ్‌తో పనిలేదు. చివరగా మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబర్ ఈ మూడూ చూడండి. లోపలికి వచ్చినవాడు మీ మెయిళ్ల కాపీ తనకు చేరేలా ఒక ఫిల్టర్ పెట్టుకుని ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా విండోస్ మొత్తం మళ్లీ వేసినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది.