ఇంగ్లీష్ సాహిత్య పదాలు: బట్టీ మేలా, మన అలంకారాల దారి మేలా?

డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచర్ చదివే ఒక అమ్మాయి ఆ మధ్య తన నోట్‌బుక్ చూపించింది. పేజీకి రెండు పదాల చొప్పున, ముత్యాల్లాంటి అక్షరాలతో నిర్వచనాలు. ‘సినెక్‌డకీ’ దగ్గర మాత్రం నిర్వచనం కింద ‘ఉదాహరణ’ అని రాసి ఖాళీ వదిలేసింది. “అన్నీ నోటికి వచ్చు మేడమ్. కానీ పోయెమ్ ఇచ్చి ఇందులో ఏముందో చెప్పమంటే టెన్షన్ వచ్చేస్తుంది” అంది.

ఈ మాట నేను ఏటా వింటాను. సిమిలీ (ఫలానాదానిలా ఉందని పోల్చడం), మెటాఫర్ (ఒకదాన్ని మరొకటిగానే చెప్పడం), ఐరనీ (పైకి కనిపించేదానికీ అసలు సంగతికీ పొంతన లేకపోవడం) లాంటి పదాలు నేర్చుకోవడానికి మన పిల్లల ముందు మూడు దారులున్నాయి. పదకోశం ముందేసుకుని నిర్వచనాలు బట్టీ పట్టడం ఒకటి. పదో తరగతి తెలుగులో చదివిన అలంకారాల మీదుగా వెళ్లడం రెండోది. ముందు పద్యమో నాటకమో చదివి, అందులో కనబడ్డదానికి తర్వాత పేరు పెట్టుకోవడం మూడోది. ఎక్కువమంది మొదటి దారి పడతారు. నా మొగ్గు మిగతా రెండింటి వైపు, ఒక హెచ్చరికతో.

పదకోశాలను నేను తక్కువ చేయను. 1957లో తొలిసారి వచ్చిన ఎబ్రమ్స్ గ్లాసరీ, 1977లో వచ్చిన కడన్ నిఘంటువు ఈనాటికీ పనికొచ్చేవే. రెండింట్లో ఏది కొనాలని అడిగితే, కూర్చుని చదువుకోవడానికి ఎబ్రమ్స్ అంటాను. దగ్గరి చుట్టాల్లాంటి పదాలను ఒకే వ్యాసంలో కలిపి వివరిస్తాడు కాబట్టి మెటాఫర్‌కీ మెటానమీకీ (ఒకదాన్ని దానితో సంబంధమున్న మరోదాని పేరుతో చెప్పడం) తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎప్పుడో ఎదురైన అరుదైన పదాన్ని వెతకడానికైతే కడన్. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ నెల రోజుల్లో ఉంటే మాత్రం బట్టీయే దిక్కు. పేపర్ టూలో 100 ప్రశ్నలు, 200 మార్కులు. జతపరచమనే ప్రశ్నలకు నిర్వచనం గుర్తుంటే చాలు. అయితే నిర్వచనం గుర్తుండటం వేరు, పాదంలో దాన్ని పట్టుకోవడం వేరు. ఆ అమ్మాయి ఇబ్బందంతా అక్కడే.

ఇక అలంకారాల దారి. “ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగలో మునుగుచున్నది” అన్న వాక్యం చదవకుండా పది దాటినవాళ్లు మనలో తక్కువ. కీర్తి ఉపమేయం, హంస ఉపమానం, మునగడం సమానధర్మం, ‘వలె’ ఉపమావాచకం. ఇప్పుడు రాబర్ట్ బర్న్స్ తన ప్రేమను ఎర్రెర్రని గులాబీతో పోల్చిన పాదం తీసుకోండి. ప్రేమ ఉపమేయం, గులాబీ ఉపమానం, ‘లైక్’ ఉపమావాచకం. మరి సమానధర్మం? బర్న్స్ దాన్ని విడిగా చెప్పలేదు. జూన్‌లో అప్పుడే విచ్చిన పువ్వు అని మాత్రం అన్నాడు. తాజాదనమా, రంగా, సువాసనా అని వెతుక్కోవడం మన వంతు. ‘పోలిక చెప్పడమే సిమిలీ’ అని బట్టీ పట్టినవాళ్లకు ఈ ప్రశ్నే తట్టదు. నాలుగు భాగాలూ తెలిసిన తెలుగు విద్యార్థికి ఖాళీగా ఉన్న నాలుగో గడి వెంటనే కనిపిస్తుంది.

ఇంగ్లీష్ విమర్శలో ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో మెటాఫర్‌ను విడదీసి చూపడానికి టెనర్, వెహికల్ అని రెండు పేర్లు పెట్టాడు. ఎమ్మేలో ఇవి చెప్పేటప్పుడు క్లాసు తల పట్టుకుంటుంది. టెనర్ అంటే దాదాపు మన ఉపమేయం, వెహికల్ అంటే ఉపమానం అంటే చాలు, ముఖాలు విప్పారతాయి. ఎన్నో శతాబ్దాలుగా మన దగ్గరున్న సరుకును చేతిలో పెట్టుకుని, దాన్ని పరాయి సొమ్ములా కొత్తగా బట్టీ పట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేనన్న హెచ్చరిక ఇక్కడే. ఈ వంతెన అన్నిచోట్లా బరువు మోయదు. రైమ్ అంటే ప్రాస అని రాసేస్తారు. తెలుగు పద్యంలో ప్రాస ప్రతి పాదంలో రెండో అక్షరానికి సంబంధించింది. ఇంగ్లీష్ రైమ్ పాదం చివర ఉంటుంది. దానికి సాటి అంత్యప్రాస. సిజూరా, అంటే పాదం మధ్యలో వచ్చే విరామం, యతి అంటారు. సంస్కృతంలో యతి విరామమే, కాబట్టి అక్కడ సరిపోతుంది. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరంతో మైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర మనం చూసేది ఆగడం కాదు, ధ్వని కలవడం. దానికి పోలిక కావాలంటే పాత ఇంగ్లీష్ కావ్యం బేవుల్ఫ్ దగ్గరికి పోవాలి. అక్కడ పాదంలోని రెండు సగాలనూ కలిపి కట్టేది మొదటి ధ్వనుల సామ్యమే.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది ఛందస్సులో. అయాంబ్ (ఒక తేలిక అక్షరం, దాని వెంట ఊనిక ఉన్న అక్షరం) అనగానే లఘువు, గురువు అని గుర్తులు పెట్టేస్తారు. ‘కంపేర్’ అన్న మాటకు మన లెక్క వేసి చూడండి: కం గురువు, పేర్ గురువు. ఇంగ్లీష్ చెవికి ‘కం’ తేలిక, ‘పేర్’ మీద ఊనిక. ‘సమ్మర్’ కూడా మన లెక్కలో రెండు గురువులే. వాళ్లకు మొదటిదాని మీద ఊనిక, రెండోది తేలిక. మనం అక్షరం పలికే కాలాన్ని కొలుస్తాం, వాళ్లు నొక్కి పలకడాన్ని లెక్కపెడతారు. కాబట్టి మీటర్, అంటే ఇంగ్లీష్ ఛందస్సు, నేర్చుకునేటప్పుడు గురులఘువులను పూర్తిగా పక్కన పెట్టి, పాదాన్ని పైకి చదువుతూ బల్ల మీద వేలితో తట్టి చూడటమే మంచిది.

ఉత్ప్రేక్ష సంగతి ఇందుకు తలకిందులు. “ఈ మేడలు ఆకాశాన్ని ముద్దాడుతున్నట్లున్నాయి” లాంటి ఊహకు మనకు ప్రత్యేకంగా ఒక పేరుంది. ఇంగ్లీష్ పాఠాల్లో దాన్ని చాలాసార్లు సిమిలీలోనే కలిపేస్తారు.

కొన్ని పదాలకు బడిలో చదివిన అలంకారాల్లో జోడీ దొరకదు. వాటికి మూడో దారే గతి. డ్రమాటిక్ ఐరనీ నిర్వచనం ఎన్నిసార్లు చదివినా పొడిగానే ఉంటుంది. ఉత్తరుడిని తలచుకోండి. మంచి సారథి దొరకాలేగానీ కౌరవసేన పని పడతానని అంతఃపురంలో ఆడవాళ్ల ముందు గొప్పలు పోతాడు. అదే కొలువులో ఉన్న బృహన్నలే అర్జునుడని అతనికి తెలియదు, మనకు తెలుసు. ఆ తేడాలోంచి పుట్టేదే డ్రమాటిక్ ఐరనీ. ఇది మనసులో పెట్టుకుని షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ మొదటి అంకంలోకి వెళ్లండి. తనకు ద్రోహం చేసిన కాడర్ పాలకుణ్ని పూర్తిగా నమ్మి మోసపోయానని, ముఖం చూసి మనసు చదవలేమని డంకన్ రాజు అంటుండగానే మాక్‌బెత్ లోపలికి వస్తాడు. అతని మనసులో అప్పటికే హత్య తలపు మెదిలిందని మనకు తెలుసు, రాజుకు తెలియదు. ఒళ్లు జలదరిస్తుంది. అలా జలదరించాక ఆ పదాన్ని మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆ అమ్మాయికి సినెక్‌డకీ కూడా ఇలాగే చెప్పాను. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అంటే నగరం కాదు, అక్కడి ప్రభుత్వం, అది మెటానమీ. ఒక భాగాన్ని చెప్పి మొత్తాన్ని సూచిస్తే సినెక్‌డకీ. ఇంట్లో రోజూ వినే మాటల్లో ఒకటి వెతకమన్నాను. కాసేపు ఆలోచించి, వాళ్ల నానమ్మ అనే మాటను ఆ ఖాళీలో రాసుకుంది: “తినే నోళ్లు ఆరు, పనిచేసే చేతులు రెండే.”