గునైకారియా: ‘అవివేక స్త్రీలు’ అనాలా, ‘అల్పమైన ఆడవాళ్లు’ అనాలా?

బైబిల్లో తిమోతికి రాసిన రెండో పత్రిక (ఉత్తరం), అంటే 2 తిమోతి, 3:6లోని గ్రీకు మాట ఇది. గునే అంటే స్త్రీ. దాని చివర ‘అరియోన్’ చేర్చి చులకన చేశారు. కొత్త నిబంధనలో ఇక్కడొక్కచోటే కనిపిస్తుంది.

‘అవివేక స్త్రీలు’: మన తెలుగు బైబిల్లో ఉన్నదే, వినగానే అర్థమవుతుంది. కానీ ఆ గ్రీకు పదంలో తెలివి ఊసే లేదు. పైగా దీన్ని ఆడవాళ్లందరికీ అంటగట్టేస్తారు, అదే నాకు బాధ.

‘అల్పమైన ఆడవాళ్లు’: మూలానికి దగ్గర, కానీ వివరించి చెప్పాలి.

ఇదే పత్రిక 1:5లో తిమోతి అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసాన్ని మెచ్చుకుంది. కాబట్టి ఇది కొందరి గురించిన మాటే.

ఆరాధనలో చదవడానికి మొదటిది చాలు. వాక్య పరిశీలనకైతే రెండోదే, 1:5 కూడా చదివించి.