వెనక డిస్క్‌కి ఆర్గానిక్ ప్యాడ్లా, సింటర్డ్ ప్యాడ్లా?

బైక్ వెనక బ్రేక్ ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని నొక్కి ఆపే ముక్కలు) ఇంట్లోనే మార్చుకుందామనుకుంటే ముందు ఏవి కొనాలో తేల్చుకోవాలి. ఆర్గానిక్ ప్యాడ్లు పీచు, రెజిన్ అనే జిగురు కలిపి చేస్తారు, మెత్తగా ఉంటాయి కాబట్టి డిస్క్‌ని పెద్దగా అరగదీయవు, చప్పుడు తక్కువ, ధరా తక్కువే, కానీ త్వరగా అరిగిపోతాయి. సింటర్డ్ అంటే లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరిచినవి. వానలో, బురదలో, ఘాట్ రోడ్డు దిగుతూ బాగా వేడెక్కినప్పుడు కూడా పట్టు వదలవు, ఎక్కువ కాలం వస్తాయి. డిస్క్ మాత్రం త్వరగా అరుగుతుంది, దాని ఖరీదు ప్యాడ్లకంటే చాలా ఎక్కువ.

ఆఫీసుకీ బజారుకీ తిరిగే బండికైతే నా ఓటు ఆర్గానిక్‌కే. బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, పైగా సింగిల్ ఛానల్ ఏబీఎస్ బండ్లలో వెనక చక్రానికి ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉండదు, కాస్త గట్టిగా తొక్కితే లాక్ అయి జారిపోతుంది, కాబట్టి వెనక మరీ గట్టి పట్టు అక్కర్లేదు. సామాను కట్టుకుని, వెనక మనిషిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్లో తరచూ తిరిగేవాళ్లు సింటర్డ్ తీసుకోండి, మీ డిస్క్‌కి అవి సరిపడతాయో లేదో మాన్యువల్‌లో చూశాకే.

బిగించడం రెండింటికీ ఒకటే. ప్యాడ్లని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెట్టేటప్పుడు రిజర్వాయర్ (బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే డబ్బా) మీద కన్నేసి ఉంచండి, ఫ్లూయిడ్ పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ పాడైపోతుంది. ఆఖర్న పెడల్ గట్టిపడేదాకా పదే పదే నొక్కండి, అది చేయకుండా రోడ్డెక్కితే మొదటిసారి తొక్కినప్పుడు బ్రేకే పడదు. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి సర్దుకునేదాకా నెమ్మదిగానే నడపండి.