పొట్టి రింగుల జుట్టుకి రోలర్ కిట్ కొంటున్నారా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు కొనేముందు ఇది చదవండి

దసరా, ఆ వెంటనే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. షాపుల్లో జనం పెరిగారు. ఈ సీజన్‌లో మన ఫ్యాన్సీ షాపుల్లో 'కర్లీ హెయిర్ రోలర్ కిట్' అని ఒక గులాబీ రంగు పెట్టె కనిపిస్తోంది. పెట్టె మీద పొట్టి జుట్టున్న నల్లజాతి అమ్మాయి ఫొటో, తల నిండా చక్కగా తిరిగిన నిగనిగలాడే రింగులు. నాలాంటి జుట్టున్నవాళ్లు ఆ బొమ్మ చూడగానే ఆగిపోతారు. ఎందుకు ఆగరు? షాంపూ సీసా నుంచి నూనె డబ్బా దాకా అన్నిటి మీదా నడుం దాకా జారే నిటారు జుట్టే. మన జుట్టు బొమ్మ వేసిన వస్తువు ఇక్కడ ఇదొక్కటే.

ఆ పెట్టె కొనకండి. బొమ్మ ఒక జుట్టుది, లోపల సరుకు ఇంకో జుట్టుది.

నాది దగ్గర దగ్గరగా చుట్టుకునే స్ప్రింగు రింగుల జుట్టు. సింహాచలంలో మొక్కు తీర్చుకున్నాక మళ్లీ పెరుగుతోంది. తడిపి, లాగి పట్టుకుంటే నడినెత్తి మీద 10 సెంటీమీటర్లు, మెడ దగ్గర 6. వదిలేస్తే అంతా తలకి అతుక్కుపోతుంది. ఈ రకం జుట్టు ఆరాక ముప్పాతిక వంతు దాకా లోపలికి ముడుచుకుపోవడం మామూలే. 'నీ జుట్టు పెరగట్లేదేంటే' అని పెళ్లిళ్లలో అడిగే అత్తలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇస్త్రీ మెషిన్‌తో కాల్చకుండా, మందులు పుయ్యకుండా, తడి జుట్టుని రోలర్లనే గొట్టాలకి చుట్టి ఆరబెట్టి, ఇలా ముడుచుకునే జుట్టుని కాస్త సాగదీసి, పెద్ద రింగులుగా మార్చే పద్ధతి రోలర్ సెట్టింగ్. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు, డొమినికన్ రిపబ్లిక్ పార్లర్ల వాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పని. పద్ధతి మంచిదే. అందులో నాకే అనుమానమూ లేదు.

పెట్టె చుట్టూ సెల్లోఫేన్ సీలు ఉంది. లోపల రోలర్లు ఎలా ఉన్నాయో చూపించమంటే, సీలు తీస్తే కొన్నట్టే అన్నారు షాపువాళ్లు. నున్నగా ఉండే మ్యాగ్నెటిక్ రోలర్లేనా అని అడిగితే, 'అవేనమ్మా, రింగుల జుట్టుకనే స్పెషల్‌గా వచ్చినవి' అన్నారు. ఇంటికెళ్లి తీస్తే అన్నీ వెల్‌క్రో రోలర్లు. స్కూలు బూట్లకి, బీపీ చూసే పట్టీకి 'చర్‌ర్' మని ఊడే పట్టీ ఉంటుంది కదా, దాంట్లో గరుకుగా ఉండే కొక్కేల వైపు. దాన్నే ప్లాస్టిక్ గొట్టం చుట్టూ అతికించారు. లోపల పెట్టిన కాగితంలో మాత్రం 'రింగుల జుట్టుని తడిపి చుట్టండి, పది నిమిషాలు, వారం రోజులు నిలుస్తుంది' అని ఉంది.

ఈ వెల్‌క్రో రోలర్లు నిటారు జుట్టు కోసం చేసినవి. దాదాపు ఆరిన జుట్టుకి కుదుళ్ల దగ్గర ఎత్తు రావాలంటే, పిన్ను లేకుండా పట్టుకుని ఉండాలంటే ఆ కొక్కేలు పనికొస్తాయి. నిటారు వెంట్రుక వాటి మీంచి జారి బయటికి వచ్చేస్తుంది. మన వెంట్రుక అలా కాదు. ప్రతి మెలిక దగ్గరా వంగుతుంది, వంగిన ప్రతిచోటా ఒక కొక్కెం పట్టుకుంటుంది. పైగా తడి జుట్టు పొడి జుట్టు కంటే సాగుతుంది, బలం తక్కువ. అంటే తెగడానికి సిద్ధంగా ఉన్నప్పుడే కొక్కేలకి అప్పగించమని ఆ కాగితం చెప్తోంది. వెనకవైపు ఒక్క రోలర్ పెట్టి చూశాను. అది ఆరుతున్నకొద్దీ జుట్టు ముడుచుకుంది, ముడుచుకున్నకొద్దీ రోలర్ నెత్తికి బిగుసుకుంది. మా వదిన కూర్చుని పోగు పోగు విడదీసినా, చిన్న కుచ్చు తెగి రోలర్‌తోపాటే వచ్చేసింది. గుండు తర్వాత పెరిగిన జుట్టు కదా, ప్రాణం ఉసూరుమంది.

ఇప్పటికే ఎవరికైనా ఇది తలలో చిక్కుకుని ఉంటే, లాగకండి. కండిషనర్ గానీ కొబ్బరినూనె గానీ ఆ చోట ధారాళంగా పోసి నాననివ్వండి. తర్వాత కత్తెర జుట్టుకి కాదు, రోలర్‌కి పెట్టండి. అంచు నుంచి గొట్టాన్ని నిలువుగా కత్తిరిస్తే చుట్ట విచ్చుకుంటుంది, కొక్కేల పట్టీ వెనక్కి వంగుతుంది. అప్పుడు కొనల వైపు నుంచి కొద్దికొద్దిగా విడిపించుకోవచ్చు. మా వదినకి ఈ ఉపాయం ముందే తట్టి ఉంటే ఆ కుచ్చు మిగిలేది.

ఇక సైజుల సంగతి. కిట్‌లో మూడు సైజులు: 44, 36, 25 మిల్లీమీటర్లు. 44 మిల్లీమీటర్ల రోలర్ చుట్టుకొలత దాదాపు 14 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల జుట్టు దాని చుట్టూ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు. 36ది కూడా అంతే. 25ది ఒకటింబావు చుట్టు తిరుగుతుంది, మెడ దగ్గరి జుట్టు దానికీ చాలదు. రింగు నిలవాలంటే కనీసం ఒకటిన్నర చుట్టు తిరగాలి. లెక్క తేలిక: తడి జుట్టుని లాగి పట్టుకుని స్కేలుతో కొలవండి, వచ్చిన పొడవుని 5తో భాగించండి. దానికి మించిన అడ్డకొలత ఉన్న రోలర్ మీకు పనికిరాదు. 10 సెంటీమీటర్లకి 20 మిల్లీమీటర్లు, 6 సెంటీమీటర్లకి 12 మిల్లీమీటర్లు. అంత సన్నవి కావాలంటే రోలర్ అని కాదు, పర్మ్ రాడ్ అని అడగాలి. కొలిచేటప్పుడు లాగి పట్టుకోవడం మర్చిపోవద్దు. ముడుచుకున్న పొడవుతో లెక్కేస్తే అసలు ఏ రోలరూ సరిపోదని తేలుతుంది.

'పది నిమిషాలు' అన్న మాట కూడా శుద్ధ అబద్ధమే. వెంట్రుకలో హైడ్రోజన్ బంధాలని ఉంటాయి. నీళ్లు తగిలితే అవి విడిపోతాయి, ఆరినప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కలుస్తాయి. రోలర్ సెట్టింగ్ రహస్యమంతా అదే. కాబట్టి లోపలి చుట్టు దాకా పూర్తిగా ఆరాలి. చెమ్మ ఉండగా తీస్తే, తీసిన నిమిషంలోనే పాత మెలికకి వెళ్లిపోతుంది. పార్లర్లో తల మీద టోపీలా దిగే హుడ్ డ్రయ్యర్ కింద కూడా మన రకం జుట్టుకి గంట దాకా పడుతుంది. ఇంట్లో ఊరికే ఆరబెడితే రాత్రంతా ఉంచినా ఒక్కోసారి తెల్లారేసరికి లోపల తడి ఉంటుంది. వారం నిలవడం గురించి అయితే చెప్పక్కర్లేదు. భోగాపురం వైపు నుంచో కళింగపట్నం వైపు నుంచో సముద్రపు గాలి కొట్టే జిల్లాలివి. గాల్లో చెమ్మ కూడా నీళ్లే. ఉక్కపోతలో సిరిమాను చూసి వచ్చేసరికే సగం ముడుచుకుపోతుంది, ఎంత మంచి రోలర్లు వాడినా.

అన్నిటికన్నా నాకు భయం వేసింది ఆ చిన్న సీసాకి. కిట్‌తోపాటు 'సెట్టింగ్ లోషన్' అని ఇచ్చారు. సీసా మీద ఆ రెండు మాటలు, ఒక పువ్వు బొమ్మ, అంతే. ఎవరు తయారు చేశారో లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు, ఏమేం కలిపారో లేదు. మూత తీస్తే అమ్మోనియా ఘాటు, దాని వెనక కుళ్లిన కోడిగుడ్డు వాసన. చెవి వెనక చుక్క రాసి చూస్తే చురచుర మంట, వెంటనే కడిగేశాను. మాకు తెలిసిన బ్యూటీషియన్ అక్క ఒకావిడ వాసన చూసి 'ఇది సెట్టింగ్ లోషన్ కాదమ్మా, పర్మింగ్ లోషన్‌లా ఉంది' అంది. లోపల నిజంగా ఏముందో పరీక్ష చేయిస్తే తప్ప తేలదు, లేబులే లేదు కదా. కానీ ఆ రెంటికీ తేడా మాత్రం అందరూ తెలుసుకోవాలి. అసలైన సెట్టింగ్ లోషన్ జుట్టు మీద పల్చటి పొరలా ఆరి ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, తలంటుకుంటే పోతుంది. పర్మింగ్ లోషన్ జుట్టు ఆకారాన్నే శాశ్వతంగా మార్చే మందు, అందులో సాధారణంగా అమ్మోనియం థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉంటుంది. అది వెంట్రుకకి బలాన్నిచ్చే డైసల్ఫైడ్ బంధాలనే తెంచుతుంది. దాన్ని లెక్కగా కొన్ని నిమిషాలే ఉంచి, కడిగి, న్యూట్రలైజర్ పెట్టి ఆ బంధాల్ని మళ్లీ కలపాలి. అలాంటిది రాసుకుని, రోలర్లు పెట్టుకుని రాత్రంతా పడుకుంటే పొద్దున జుట్టు దువ్వెనకే ఊడి రావచ్చు. కిట్‌లో న్యూట్రలైజర్ ఊసే లేదు.

మర్నాడు షాపుకి వెళ్తే జరిగిన సంభాషణ ఇది.

'ఏటమ్మా, సీలు తీసీసి, వాడీసి, ఇప్పుడు తిరిగి తీసీసుకోమంటే ఎలగమ్మా?'

'సీలు తియ్యకుండా లోపలేటుందో ఎలగ తెలుస్తాదండీ?' అంది వదిన.

'మాకేటి తెలుసు, కంపినీ వోళ్లని అడగండి.'

'కంపెనీ పేరెక్కడుందో చూపించండి.'

ఆయన పెట్టె అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అడుగున చూశాడు. చివరికి పక్కన పెట్టి, డబ్బులివ్వడం కుదరదు, కావాలంటే బదులుగా క్లిప్పులో గాజులో తీసుకోండి అన్నాడు. వద్దన్నాం.

పెట్టె మీద 1,499 అని స్టిక్కర్, మాకు 650కి ఇచ్చారు. స్టిక్కర్ గోటితో గీకితే కింద చైనా అక్షరాలు. దిగుమతి సరుకైతే దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో పెట్టె మీద ఉండి తీరాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు అవి, చూసేది తూనికలు కొలతల శాఖ. సీసాలో లోషన్ లాంటి సౌందర్య సాధనాలకి 2020 కాస్మెటిక్స్ రూల్స్ వేరే ఉన్నాయి, అది డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పరిధి. ఇక షాపువాళ్లు ఇచ్చింది బిల్లు కాదు, 'ఎస్టిమేట్' అని రాసిన తెల్ల చీటీ. కింద ఎర్ర సిరాతో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ముద్ర. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనని మొండికేయడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేసుకోవచ్చు. 650 రూపాయలకి ఇంత రాద్ధాంతమా అని మా ఇంట్లోనే అన్నారు. జుట్టు పోయింది వాళ్లది కాదు కదా.

శ్రీకాకుళంలో మా పిన్ని కూతురు ఇదే పెట్టెని ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించింది. దానిది కాస్త నయం. పార్సిల్ విప్పుతూ వీడియో తీసింది, షాపింగ్ యాప్‌లో కొంది కాబట్టి రిటర్న్ పెట్టగానే డబ్బులొచ్చాయి. ఆన్‌లైన్ వేదికలు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదే చిరునామా లేని పేజీకి నేరుగా ఫోన్‌పే కొట్టి ఉంటే ఎవర్ని పట్టుకుంటాం?

కొనాలనే ఉంటే, బ్యూటీ పార్లర్లకి సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి, సీలు లేని విడి సరుకు చేత్తో పట్టుకుని చూడనిస్తారు. వేలితో నిమిరితే నున్నగా ఉండాలి, గాలి ఆడే చిల్లులుండాలి, పిన్నుతో పట్టి ఉంచేవి అయ్యుండాలి. వాటిని మ్యాగ్నెటిక్ అంటారు గానీ అయస్కాంతం ఏమీ ఉండదు. తడి జుట్టు నున్నటి ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది కాబట్టి ఆ పేరు. పొట్టి కొనలు జారకుండా వాటికి చుట్టే పల్చటి కాగితాలు, ఎండ్ పేపర్లు కూడా అడగండి, చవకే. పార్లర్లో చేయించుకుందామనుకుంటే 'రోలర్ సెట్' అని స్పష్టంగా చెప్పి, ఏ సీసా తీసినా లేబుల్ చూపించమనండి. రింగుల జుట్టు చూడగానే మందు పెట్టి సాఫుగా చేసే స్మూతెనింగ్ చేసేద్దామనే అలవాటు మన దగ్గర బాగా ఉంది.

ఆ గులాబీ పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు లోషన్ తలకి తాకించకండి, అలాగని పారబోయకండి కూడా. మూత బిగించి, పిల్లలకి అందని చోట, పెట్టెతో, చీటీతో కలిపి దాచండి. ఫిర్యాదుకి సాక్ష్యం అవే. చీటీ పోయినా ఫోన్‌పే రసీదు ఉంటే దాన్నే ఫొటో తీసి జతచేసి 1915కి చెప్పండి. ఫిర్యాదులు నాలుగైదు చేరితే ఒక్కదాని గొంతు కంటే గట్టిగా వినపడుతుంది.