ఇంటి స్టూడియోకి ఏ లైటు స్టాండు మేలు: అల్యూమినియందా, సి-స్టాండా?

చెన్నైలో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకునే మన తెలుగువాళ్ళు కెమెరా, లెన్సుల కోసం నెలల తరబడి ఆరా తీస్తారు. స్టాండు దగ్గరికొచ్చేసరికి లైటుతోపాటు కిట్‌లో వచ్చిందే చాలనుకుంటారు. బారసాల ఫోటోలకు పసిబిడ్డను పడుకోబెట్టినప్పుడు పైన లైటును మోసేది ఆ స్టాండే కదా! అందుకే నా మాట ముందే చెప్తాను: మనిషి మీదుగా వచ్చే లైటుకు సి-స్టాండే (సినిమావాళ్ళు వాడే బరువైన ఉక్కు స్టాండు) వాడాలి. మిగతావాటికి మంచి అల్యూమినియం స్టాండు సరిపోతుంది.

అల్యూమినియందానికి తేలికే పెద్ద సుగుణం. మడిచి బండి మీద పెళ్ళింటికి పట్టుకుపోవచ్చు. కొంటే ఎయిర్ కుషన్ ఉన్నదే కొనండి. నాబ్ (రాడ్డును బిగించే మర) వదులైనా లోపలి గాలి లైటును మెల్లగా దించుతుంది. స్ప్రింగ్ రకంలో రాడ్డు ధడాలున జారుతుంది, అడుగున స్ప్రింగు దెబ్బను కాస్త తగ్గిస్తుందంతే.

దీంతో అసలు చిక్కు కాళ్ళ దగ్గర. గది ఇరుకని చాలామంది సగమే తెరుస్తారు. దానికి 120 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (లైటును మెత్తబరిచే ఎనిమిది పలకల గుడ్డ పెట్టె) తగిలించి ఫ్యాన్ వేస్తే, అది తెరచాపలా గాలిని పట్టేస్తుంది. కత్తిరి ఎండల్లో ఫ్యాన్ ఆపమని ఎవరికి చెప్పగలం? కాళ్ళు పూర్తిగా చాపి, ఒక కాలు లైటు వాలిన వైపుకు తిప్పి, ఇసుక సంచి వేయాల్సిందే.

సి-స్టాండు ఉక్కుది. చేయి (లైటును పట్టే అడ్డరాడ్డు), గ్రిప్ హెడ్ (ఆ చేయిని స్టాండుకు బిగించే పట్టు) కలిపితే ఆరేడు కిలోలు తూగుతుంది, ఖరీదూ ఎక్కువే. కానీ దాని మూడు కాళ్ళూ మూడు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి ఇరుకు గదిలోనూ రెండు స్టాండ్లు ఒకదాని కాళ్ళలోకి ఒకటి దూరి నిలబడతాయి. ఎత్తైన కాలు బరువు వైపుకు ఉండాలి. ఇసుక సంచి ఆ కాలి మీదే, నేలకు తగలకుండా వేలాడాలి. నేలకు ఆనితే దాని బరువు నేల మోస్తుంది, స్టాండుకు దక్కదు.

చేయి బిగించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. స్టాండు వెనక నిలబడి లైటు వైపు చూస్తే గ్రిప్ హెడ్ నాబ్ మీ కుడివైపు ఉండాలి. అప్పుడు లైటు బరువుకు నాబ్ ఇంకా బిగుసుకుంటుంది. ఎడమవైపు ఉంటే అదే బరువు దాన్ని వదులు చేస్తుంది. ఇంత చేసినా మూడు కిలోల స్ట్రోబ్‌ను (పెద్ద స్టూడియో ఫ్లాష్‌ను) ఆ చేయి చివర పెట్టకండి. దానికి వెనక కౌంటర్‌వెయిట్ (ఎదురు బరువు) ఉండే బూమ్ స్టాండు కావాలి. చిన్న ఫ్లాష్, రిఫ్లెక్టర్ వరకైతే నిశ్చింతగా వాడొచ్చు.

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి చోట్ల సముద్రపు ఉప్పుగాలికి క్రోమ్ పూత లేచిన దగ్గర ఉక్కు తుప్పు పడుతుంది. పొడిబట్టతో తుడుస్తూ ఉండాలి. అల్యూమినియం గొట్టాలకు ఈ బెడద తక్కువే, స్క్రూలను మాత్రం చూసుకోవాలి.

అందుకని ఒక సి-స్టాండు, రెండు ఎయిర్ కుషన్ స్టాండ్లు తీసుకోండి. ఎప్పుడో ఒకసారే పైనుంచి లైటు కావాలంటే వడపళని, సాలిగ్రామం వైపు సినిమా సామాను అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర సి-స్టాండు తెచ్చుకోవడమే నయం. కొనేటప్పుడు మాత్రం కొట్లోనే పూర్తి ఎత్తుకు లేపి, నాబ్‌లు బిగించి, పై రాడ్డును గట్టిగా కిందికి నొక్కి చూడండి. జారితే అక్కడే వదిలేసి రండి.